గ్యాస్ అయిపోదు, పోతుంది: పెద్ద ఏసీలో లీకు పట్టి బాగుచేయడం ఎలా

ఏప్రిల్ వచ్చిందంటే నెల్లూరు ట్రంకు రోడ్డు బట్టల షాపుల నుంచి నాకు ఫోన్లు మొదలవుతాయి. అందరిదీ ఒకటే మాట: "అన్నా, గ్యాస్ అయిపోయినట్టుంది, వచ్చి కాస్త నింపి పో." పోయినేడు నింపాం గదా అంటే, "ఏడాదయింది గదన్నా మరి" అంటారు. స్కూటర్లో పెట్రోలు లాగా ఏసీలో గ్యాస్ కూడా వాడకానికి అయిపోతుందని చాలామంది నమ్మకం. కానీ అది ఖర్చయ్యే సరుకు కాదు. మూసిన గొట్టాల్లో తిరుగుతూ లోపలి వేడిని బయట పారబోసి రావడమే దాని పని. పదేళ్ళు తిరిగినా పోసినంతా ఉండాలి. తగ్గిందంటే ఎక్కడో చిల్లు పడి బయటికి పోయిందనే అర్థం. చిల్లు ఉంచి గ్యాస్ నింపితే, కారే బిందెలో నీళ్ళు పోసినట్టే.

ఇది ఏసీ పని కొంత చేతికొచ్చి, 5.5 నుంచి 16.5 టన్నుల దాకా ఉండే డక్టబుల్ (రేకు గొట్టాల్లో చల్లగాలి పంపే) మిషన్ల మీద, సీలింగులో బిగించే క్యాసెట్ మిషన్ల మీద చెయ్యి వేయబోతున్నవాళ్ళ కోసం రాస్తున్నాను. షాపు ఓనర్లు చదివితే మెకానిక్కును ఏం అడగాలో తెలుస్తుంది. చదివేసి సొంతంగా మొదలుపెట్టే పని మాత్రం కాదు. ఇందులో మంట ఉంది, వందల పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌన్ల లెక్క) ఒత్తిడి ఉంది, 415 వోల్టుల త్రీఫేజ్ కరెంటు ఉంది.

ముందు గ్యాసే తక్కువా, కాదా?

ఇండోర్ కాయిల్ మీద ఐసు కట్టింది, సక్షన్ (కంప్రెసర్ గ్యాస్ పీల్చుకునే వైపు) ఒత్తిడి పడిపోయింది. వెంటనే సిలిండర్ పైకి మోయొద్దు. గాలి సరిగా ఆడకపోయినా అచ్చం ఇలాగే ఐసు కడుతుంది. బట్టల షాపుల్లో ఇది మరీ ఎక్కువ. తానుల నుంచి రేగే నూగు ఫిల్టర్‌కు పట్టి దుప్పటిలా తయారవుతుంది. ఆ ఫిల్టర్ దులిపి కడిగితే సగం "గ్యాస్ కేసులు" అక్కడికక్కడే తేలిపోతాయి. బ్లోయర్ బెల్టు వదులైందేమో, డక్టులో గాలిని ఆపే రేకు (డ్యాంపర్) ఎవరైనా మూసేశారేమో కూడా చూడండి.

రెంటినీ విడదీసేది సూపర్‌హీట్. గేజి చూపించే ఒత్తిడికి గ్యాస్ ఎంత ఉష్ణోగ్రత దగ్గర మరుగుతుందో చార్టులో చూసి, కంప్రెసర్‌కు వచ్చే సక్షన్ పైపు ఎంత వేడిగా ఉందో కొలిచి, రెంటి తేడా తీయాలి. ఆర్-410ఎ రకం గ్యాస్ ఉన్న మిషన్‌లో సక్షన్ 118 పీఎస్‌ఐ ఉంటే మరిగే ఉష్ణోగ్రత సుమారు 4.5 డిగ్రీలు. పైపు 12 డిగ్రీలుంటే తేడా ఏడున్నర, బాగానే ఉంది. అదే సక్షన్ 85కు పడి, మరిగే ఉష్ణోగ్రత సున్నాకు నాలుగు డిగ్రీల కిందికి పోయి, పైపు మాత్రం 18 దగ్గర ఉంటే తేడా 22. కాయిల్‌కు చాలినంత లిక్విడ్ అందడం లేదన్నమాట. ఫిల్టర్ మూసుకుపోయిన మిషన్‌లో ఒత్తిడి పడినా తేడా ఇంతుండదు, తక్కువగానే ఉంటుంది.

సూపర్‌హీట్ ఎక్కువున్నంత మాత్రాన కూడా గ్యాస్ తక్కువని తీర్పు చెప్పలేం. డ్రయర్ (గ్యాస్‌లో తేమను, చెత్తను పట్టేది) మూసుకుపోయినా, ఎక్స్‌పాన్షన్ వాల్వ్ (కాయిల్‌లోకి లిక్విడ్‌ను కొలిచి వదిలేది) ఇరుక్కున్నా ఇలాగే చూపిస్తుంది. అప్పుడు లిక్విడ్ లైన్ దగ్గర సబ్‌కూలింగ్, అంటే ఆ ఒత్తిడికి మరిగే ఉష్ణోగ్రత కంటే లిక్విడ్ ఎన్ని డిగ్రీలు చల్లగా ఉందో, చూడాలి. అక్కడా తక్కువుంటే, సైట్‌గ్లాసులో (పైపులో లిక్విడ్ కనిపించే గాజు బిళ్ళలో) బుడగలు పోతుంటే గ్యాస్ తగ్గినట్టే. సబ్‌కూలింగ్ బాగా ఉండి సూపర్‌హీట్ మాత్రమే ఎక్కువుంటే ఎక్కడో అడ్డం పడింది. డ్రయర్ ముందూ వెనకా చేత్తో తాకండి. వెనక వైపు చల్లగా తగిలితే దొంగ అక్కడే ఉన్నాడు.

ఇంకొక పొరపాటు చాలామంది చేస్తారు. మిషన్ ఆపి గేజి పెట్టి, "ఒత్తిడి ఫుల్లుగా ఉంది, గ్యాస్ తగ్గలేదు" అనేస్తారు. ఆగిన మిషన్‌లో ఒత్తిడి గ్యాస్ ఎంతుందో చెప్పదు. లోపల చెంబెడు లిక్విడ్ మిగిలున్నా 35 డిగ్రీల ఎండలో ఆర్-22 సుమారు 180, ఆర్-410ఎ సుమారు 295 పీఎస్‌ఐ చూపిస్తాయి. నిండుగా ఉన్నా అంతే చూపిస్తాయి. అంతకంటే బాగా కిందుంటే మాత్రం లోపల లిక్విడ్ అనేదే లేదని తెలుస్తుంది.

కంటితో వెతకడం

గ్యాస్ తగిలితే కూసే డిటెక్టర్ బయటికి తీసే ముందు టార్చి పట్టుకుని మిషన్ చుట్టూ ఒక అరగంట తిరగండి. గ్యాస్‌తో పాటు కంప్రెసర్ ఆయిల్ కూడా కొంచెం తిరుగుతూ ఉంటుంది. చిల్లున్న చోట గ్యాస్ ఎగిరిపోతుంది, ఆయిల్ మిగిలి దుమ్ము పట్టుకుంటుంది. అందువల్ల జిడ్డుగా, నల్లగా మరక ఉన్న చోటే మీ మొదటి అనుమానం.

మన వైపు నేను ఎక్కువగా చూసే చోట్లు చెబుతాను. మొదటిది కండెన్సర్ (ఔట్‌డోర్ కాయిల్) యూ-బెండ్లు, పక్క ప్లేటులోంచి పైపు బయటికి వచ్చే చోటు. ఫ్యాను అదురుకు రాగి ఆ ఇనుప రేకు మీద రాసుకుని రాసుకుని పలుచబడుతుంది. రెండోది ఫ్లేర్ నట్లు, అంటే గరాటులా వెడల్పు చేసిన పైపు మూతిని (ఫ్లేర్) పట్టి బిగించేవి. బిగించినవాడు బలమంతా పెట్టి బిగిస్తే ఫ్లేర్ చీలుతుంది, మొహమాటంగా బిగిస్తే ఊడుతుంది. మూడోది గేజి పెట్టే, గ్యాస్ నింపే పిన్ వాల్వులు. గ్యాస్ నింపిన ప్రతిసారీ లోపలి రబ్బరు అరుగుతుంది, పైన మూత పెట్టకుండా వెళ్ళిపోతారు. ఏటా నింపించుకునే మిషన్‌లో ఆ నింపే వాల్వే లీకు కావడం నేను ఎన్నిసార్లు చూశానో. మూతలో రబ్బరు వాషర్ ఉన్నదీ లేనిదీ కూడా చూడండి.

మైపాడు, కృష్ణపట్నం, కొత్తపట్నం లాంటి సముద్రం పక్క ఊళ్ళలో కథ వేరు. ఉప్పుగాలికి అల్యూమినియం ఫిన్నులు తెల్లగా పొడిపొడిగా రాలిపోతాయి. రెండు లోహాలు కలిసిన చోట ఉప్పు తడి తగిలితే ముందు అల్యూమినియం తినేస్తుంది, ఆ తర్వాత రాగి వంతు వస్తుంది. అక్కడ ఔట్‌డోర్ కాయిల్‌ను కింది వరసల నుంచి చూడండి. తడి అక్కడే నిలుస్తుంది.

మెస్సులు, హోటళ్ళలో మాత్రం ఇండోర్ కాయిల్ మీద కన్నేయాలి. వెనిగర్ ఆవిరి, నేల తుడిచే రసాయనాలు, ప్లైవుడ్ జిగురు వాసనల్లో ఉండే ఆమ్లాలు తడి రాగి మీద చేరి చీమల పుట్టల్లా సన్నటి సొరంగాలు తవ్వుతాయి. పైకి చూస్తే సూది మొనంత నల్లచుక్క, లోపలంతా తొలిచేసి ఉంటుంది. అలాంటి కాయిల్‌కు అతుకు వేసినా ఆరు నెలలకు పక్కన ఇంకో చోట పడుతుంది.

లీకు జోరు ఎంతో లెక్కేయండి

ఇది నాకు ఆలస్యంగా తెలిసింది. నేమ్‌ప్లేటు మీద 6 కిలోలు రాసుందనుకోండి, మీరు బయటికి తీసి తూస్తే 4 కిలోలే వచ్చింది. కిందటిసారి నింపి సరిగ్గా ఏడాదైంది. అంటే రోజుకు ఐదారు గ్రాములు పోతోంది. ఇంత నెమ్మది లీకుకు సబ్బునీళ్ళ బుడగ చప్పున రాదు, మంచి డిటెక్టరూ ఓపికా కావాలి. అదే వారంలో ఖాళీ అయిందంటే పైపు పగుళ్ళో, వదులైన నట్టో అయి ఉంటుంది. నైట్రోజన్ పెడితే చెవికే వినిపిస్తుంది. జోరు తెలిస్తే ఏ పనిముట్టు తీయాలో తెలుస్తుంది. ఏ ఏడు ఎంత నింపారో ఎవరూ రాసిపెట్టరు, అదే మన బాధ.

డిటెక్టర్ వాడేటప్పుడు ఔట్‌డోర్ ఫ్యాను ఆపండి. గాలి లేని వేళ, అంటే తెల్లవారుజామున చేస్తే మేలు. మధ్యాహ్నం సముద్రపు గాలి మొదలైతే మేడ మీద డిటెక్టర్ ఉన్నా లేనట్టే. ఈ గ్యాసులన్నీ గాలికంటే బరువు, కిందికి జారతాయి. కాబట్టి పైపు కింది వైపున మొన పెట్టి, సెకనుకు రెండు మూడు సెంటీమీటర్ల చొప్పున మెల్లగా జరపండి. ఒకచోట కూసిందా, పక్కకు తీసి ఊపిరి పీల్చనిచ్చి మళ్ళీ అక్కడికే తీసుకురండి. మూడుసార్లూ అక్కడే కూస్తే నమ్మండి. ఇండోర్‌లోనైతే డ్రెయిన్ పైపు మూతి దగ్గర ఒకసారి పెట్టి చూడండి. కాయిల్ లీకు గ్యాస్ ట్రేలో దిగి అటు నుంచే పోతుంది.

పాతకాలం మెకానిక్కులు వాడిన మంట దీపం, అదే గ్యాస్ తగిలితే ఆకుపచ్చగా మారే దీపం, ఇప్పుడు పక్కన పెట్టేయండి. అది క్లోరిన్ ఉన్న గ్యాసుకే పనికొస్తుంది. ఆర్-410ఎ, ఆర్-32లలో క్లోరిన్ లేదు. పైగా ఆర్-32కు కొద్దిగా అంటుకునే గుణం ఉంది. దాని ముందు మంట పట్టుకెళ్ళడం ఎంత తెలివైన పనో మీరే చెప్పండి.

గ్యాస్ బయటికి తీయడం

లీకు చోటు దొరికింది. ఇప్పుడు మిగిలిన గ్యాసును నట్టు వదిలి గాల్లోకి వదిలేయడం మన దగ్గర మామూలైపోయింది. అది తప్పు పని, దండగ పని కూడా. ఒక కిలో ఆర్-410ఎ గాల్లో కలిస్తే భూమిని వేడెక్కించడంలో రెండు వేల కిలోల పైచిలుకు కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. ఆర్-22 ఓజోన్ పొరను కూడా తింటుంది. 1987 మాంట్రియల్ ఒప్పందం కింద 2030 నాటికి దాని వాడకాన్ని మన దేశం దాదాపు నిలిపేయాలి. రాను రాను అది దొరకదు, దొరికినా మండే ధరకు. తీసి దాచుకున్న కిలో రేపు బంగారం.

రికవరీ మిషన్ పెట్టి, ఖాళీ రికవరీ సిలిండర్‌ను కాటా మీద ఉంచి లాగండి. సిలిండర్‌ను నూటికి 80 వంతులకు మించి నింపొద్దు. మన ఎండలో లిక్విడ్ వ్యాకోచిస్తే నిండు సిలిండర్ బాంబే. రెండు రకాల గ్యాసును ఒకే సిలిండర్లో కలపొద్దు, కలిపింది ఇక ఎందుకూ పనికిరాదు. చేతులకు గ్లౌజులు, కళ్ళకు అద్దాలు తప్పనిసరి. ఆర్-410ఎ లిక్విడ్ బయటికి వస్తే సున్నాకు 51 డిగ్రీల కింద మరుగుతుంది, చర్మం మీద పడితే కాలినట్టే బొబ్బలెక్కుతుంది.

కిటికీ లేని ఏసీ రూములో, సెల్లారులో పని అయితే ముందు తలుపులు తీసి ఫ్యాను పెట్టండి. బరువైన గ్యాస్ నేల మీద మడుగులా నిలిచి గాలిని తోసేస్తుంది. కింద కూర్చుని పని చేసేవాడికి కళ్ళు తిరిగే దాకా తెలియదు. కరెంటు మెయిన్ ఆపి, ఫ్యూజులు జేబులో వేసుకుని, కెపాసిటర్ డిశ్చార్జి చేశాకే చెయ్యి పెట్టండి. ఫ్యూజులు జేబులో ఎందుకంటే, కింద కౌంటర్లో కూర్చున్నాయన "చల్లగా లేదే" అని స్విచ్ వేసిన రోజులున్నాయి.

నైట్రోజన్‌తో తేల్చుకోవడం

ఒక లీకు దొరికిందని అక్కడితో ఆగకండి. ఇది నేను దెబ్బ తిని నేర్చుకున్నది. రొట్టెల పండగ వారం, నెల్లూరులో లాడ్జీలన్నీ కిటకిటలాడుతున్నాయి. ఒక లాడ్జి హాల్లో 8.5 టన్నుల డక్టబుల్‌కు ఔట్‌డోర్ యూ-బెండులో చిల్లు కనిపించింది. అతికించాను, గంట వ్యాక్యూమ్ పెట్టి (పంపుతో లోపలి గాలి, తేమ లాగేసి) గ్యాస్ నింపి వచ్చేశాను. ఓనరు తొందర, నా తొందర. తొమ్మిదో రోజు ఫోను. వెళ్ళి చూస్తే ఆ బెండు చెక్కుచెదరలేదు. ఇన్సులేషన్ కింద, గోడలోంచి పైపు వచ్చే చోట మేకు గీరుకున్న ఇంకో సన్న చిల్లు. గ్యాస్ డబ్బులు నా జేబులోంచే పోయాయి. ఆ రోజు నుంచి నైట్రోజన్ పెట్టి రాత్రంతా ఉంచకుండా ఏ పెద్ద మిషన్‌కూ గ్యాస్ నింపలేదు.

నైట్రోజన్ సిలిండర్ నిండుగా ఉంటే లోపల రెండు వేల పీఎస్‌ఐ పైనే ఉంటుంది. రెగ్యులేటర్ లేకుండా నేరుగా మిషన్‌కు కలిపితే ప్రాణాలకే ముప్పు. నైట్రోజన్ దొరకలేదని వెల్డింగ్ షాపు నుంచి ఆక్సిజన్ తెచ్చి పెట్టేవాళ్ళున్నారు. ఎప్పటికీ ఆ పని చేయొద్దు. ఒత్తిడిలో ఉన్న ఆక్సిజన్‌కు కంప్రెసర్ ఆయిల్ తగిలితే పేలుతుంది, కంప్రెసర్ ముక్కలవుతుంది. కంప్రెసర్‌తో బయటి గాలి పంపడం కూడా వద్దు, గాలితో పాటు తేమంతా లోపలికి పోతుంది.

ముందు 50 పీఎస్‌ఐ పెట్టి ఐదు నిమిషాలు ఆగండి, పెద్ద చిల్లులు చెప్పేస్తాయి. తర్వాత 150. తర్వాతే పూర్తి ఒత్తిడి. అది ఎంతన్నది నేమ్‌ప్లేటు మీద హై సైడు, లో సైడు వేర్వేరుగా రాసి ఉంటుంది. ఆ అంకె దాటొద్దు. ఆర్-22 పాత మిషన్‌కు ఆర్-410ఎ లెక్క పెడితే ఇండోర్ కాయిల్ ఉబ్బిపోతుంది.

సబ్బునీళ్ళు చిక్కగా కలుపుకుని బ్రష్‌తో ప్రతి అతుకుకూ, ప్రతి నట్టుకూ చుట్టూ పూయండి. పూసి వెంటనే పక్కకు పోవద్దు. పెద్ద లీకు బుడగ ఊదుతుంది, చిన్న లీకు పది నిమిషాలకు తెల్లటి సాలీడు గూడులాంటి నురుగు కడుతుంది. అద్దం ముక్క పెట్టి పైపు వెనక కూడా చూడాలి. పనయ్యాక మంచినీళ్ళతో కడిగేయండి, సబ్బు అట్టే ఉంటే రాగిని తింటుంది.

ఒత్తిడి పడుతోంది గాని చోటు దొరకడం లేదా? మిషన్‌ను ముక్కలు చేయండి. ఫ్లేర్లు ఊడదీసి ఔట్‌డోర్ విడిగా, మధ్య పైపులు విడిగా, ఇండోర్ విడిగా బిరడా బిగించి ఒక్కోదానికీ నైట్రోజన్ పెట్టండి. పడేది ఏ ముక్కో తెలిసిపోతుంది. ఫాల్స్ సీలింగ్ మొత్తం విప్పించి ఓనరుతో తిట్లు తినడం కంటే ఇది నయం.

అతుకు వేయడం

చాలామంది దీన్నే అసలు పని అనుకుంటారు గాని నిజానికి ఇది అరగంట పని. నైట్రోజన్ వదిలేసి, లోపల ఒత్తిడి ఏమీ లేదని, ఒక వాల్వు బయటికి తెరిచి ఉందని చూసుకోండి. ఒత్తిడి ఉన్న పైపుకు మంట పెడితే కరిగిన రాడ్డు మీ ముఖాన చిందుతుంది. గ్యాస్ మిగిలి ఉన్నచోట మంట తగిలినా విషపు ఆవిరి పుడుతుంది. ముక్కు మండినట్టు ఘాటు వాసన వస్తే మంట ఆపి బయటికి రండి.

చిల్లు మీద మెత్తినట్టు రాడ్డు కరిగించి పోయడం తాత్కాలికమే. ఆ ముక్క కోసి, కొత్త రాగి ముక్క వేసి, రెండు వైపులా స్వేజింగ్ చేసి (ఒక పైపులో ఇంకొకటి దూరేలా మూతి వెడల్పు చేసి) అతకండి. ఎమరీ కాగితంతో మెరిసే దాకా రుద్దాలి, ఆయిల్ జిడ్డు తుడవాలి. రాగికి రాగి అయితే ఫాస్ఫరస్ ఉన్న రాడ్డు చాలు, ఫ్లక్స్ (రాడ్డు బాగా అంటుకోవడానికి పూసే మందు) అక్కర్లేదు. రాగికి ఇనుము, రాగికి ఇత్తడి అయితే వెండి పాలు ఎక్కువున్న రాడ్డు, ఫ్లక్స్ తప్పవు. ఫాస్ఫరస్ రాడ్డు ఇనుముకు అంటుకున్నట్టే కనిపిస్తుంది, తర్వాత అదురుకు పెళుసుగా విరిగిపోతుంది. కంప్రెసర్ డిశ్చార్జి దగ్గర ఈ తప్పు ఎక్కువ చూశాను.

మంట పెట్టేంతసేపూ పైపులోంచి నైట్రోజన్ సన్నగా, చెంపకు తగిలీ తగలనట్టు, పోతూనే ఉండాలి. లేకపోతే లోపల నల్లటి పొర కట్టి, రేపు ఊడి వెళ్ళి డ్రయర్‌లో, ఎక్స్‌పాన్షన్ వాల్వులో ఇరుక్కుంటుంది. అప్పుడు మళ్ళీ ఐసు, మళ్ళీ ఫోను. మంటను రాడ్డుకు కాదు, పైపుకు పట్టండి. పైపు ఎర్రబడి రాడ్డును తనలోకి పీల్చుకోవాలి. దగ్గరలో వాల్వులుంటే తడిగుడ్డ చుట్టండి.

ఫ్లేర్ అయితే కొత్తగా కొట్టండి, పాతదాన్నే బిగించి సరిపెట్టొద్దు. పైపు మూతి కిందికి పెట్టి రీమర్‌తో అంచులు గీకండి, రజను లోపల పడకుండా. రెండు స్పానర్లు పెట్టి, వీలైతే టార్క్ రెంచితో బిగించండి. పావు అంగుళానికి 14 నుంచి 18, మూడు బై ఎనిమిదికి 34 నుంచి 42, అర అంగుళానికి 49 నుంచి 61 న్యూటన్ మీటర్లు. చేతి లెక్క మీద నాకు నమ్మకం ఉండేది, రెంచి కొన్నాక పోయింది.

కొత్త మిషన్లలో పూర్తి అల్యూమినియంతో, బల్లపరుపు గొట్టాలతో వచ్చే కండెన్సర్‌కు మామూలు రాడ్డు పనికిరాదు. అది మార్చుకోవాల్సిందే. ఇండోర్ కాయిల్‌లో రెండు మూడు చోట్ల సూది చిల్లులుంటే కూడా నేను అతుకు వేయను, కాయిల్ మార్చమంటాను. "ఈ ఎండాకాలం గడిస్తే చాలన్నా" అని బతిమాలతారు. ఏ నెలలో మళ్ళీ పోతుందో ముందే చెప్పి, కాగితం మీద రాయించుకుని చేయండి. పైన ఎం-సీల్ పూయడం, లోపల లీకు ఆపే మందు పోయడం లాంటివి నా దగ్గర లేవు. ఆ మందు లీకును ఆపుతుందో లేదో గాని మీ గేజి పైపులను, రికవరీ మిషన్‌ను మాత్రం ఆపుతుంది.

సిస్టం తెరిచారు కాబట్టి డ్రయర్ కొత్తది వేయండి. దాని మూతలు ఆఖరి నిమిషంలోనే తీయాలి.

రాత్రంతా నిలవాలి

ఇప్పుడు మళ్ళీ నైట్రోజన్ పెట్టి, సబ్బునీళ్ళు పూసి చూసి, గేజి అంకె, గాలి ఉష్ణోగ్రత, టైము రాసుకుని తాళం వేసి ఇంటికి పోండి. తెల్లారి వచ్చేసరికి ఒత్తిడి తగ్గి ఉంటుంది. కంగారు పడొద్దు. చల్లబడితే గ్యాస్ ముడుచుకుంటుంది.

సాయంత్రం 38 డిగ్రీల్లో 400 పీఎస్‌ఐ పెట్టారు, తెల్లారి 27 డిగ్రీలుంది. గేజి లెక్కలోకి రాని బయటి గాలి ఒత్తిడి 15ను 400కు కలిపితే 415. దాన్ని 311తో, అంటే 273, 38 కలిపిన మొత్తంతో, భాగించండి. 300తో, అంటే 273, 27 కలిపినదానితో, హెచ్చవేయండి. 400 వస్తుంది. అందులోంచి మళ్ళీ 15 తీసేస్తే 385. గేజి 385 దగ్గరుంటే లీకు లేదు. 370 ఉంటే ఉంది. ఈ లెక్క తెలియక లేని లీకును రెండు రోజులు వెతికినవాళ్ళున్నారు, ఉన్న లీకును "రాత్రి చలికి తగ్గిందిలే" అని వదిలేసినవాళ్ళూ ఉన్నారు. మిట్టమధ్యాహ్నం మాత్రం కొలవొద్దు. మేడ మీద ఎండలో పైపు గాలికంటే ఎంతో వేడిగా ఉంటుంది, లెక్క తప్పుతుంది.

వ్యాక్యూమ్

గేజి ముల్లు 30 దగ్గరికి వచ్చింది, పదిహేను నిమిషాలు నడిపాం, చాలు అనుకుంటారు. ఆ ముల్లుకు అంత సన్నపు తేడా కనపడదు. వ్యాక్యూమ్‌ను సన్నగా కొలిచే మైక్రాన్ గేజి కొనండి. పంపు దగ్గర కాకుండా, దానికి దూరంగా ఉన్న చివర పెట్టండి. 500 మైక్రాన్ల కిందికి రావాలి. అంత ఖాళీ చేస్తే లోపలి తేమ మామూలు వేడికే మరిగి బయటికి పోతుంది. ఆర్-410ఎ, ఆర్-32 మిషన్లలో వాడే ఆయిల్ తేమను స్పాంజిలా పీలుస్తుంది, ఒకసారి పీల్చిందంటే వదలడం కష్టం. మన నవంబరు, డిసెంబరు వానల్లో పైపు తెరిచి ఉంచితే ఎంత తేమ ఎక్కుతుందో చెప్పక్కర్లేదు.

పిన్ వాల్వుల లోపలి పిన్నులు తీసేసి, లావుపాటి పొట్టి పైపులతో లాగితే సగం టైములో పనవుతుంది. పంపు ఆయిల్ పాలలా తెల్లబడితే మార్చండి. 500 కిందికి వచ్చాక వాల్వు మూసి పంపు ఆపి అరగంట చూడండి. వెయ్యి లోపే ఆగితే శుభ్రం. పదిహేను వందల నుంచి రెండు వేల దాకా ఎక్కి ఆగిపోతే తేమ ఇంకా ఉంది. నైట్రోజన్ రెండు మూడు పీఎస్‌ఐ పెట్టి, వదిలి, మళ్ళీ లాగండి. ఆగకుండా ఎక్కుతూనే ఉంటే లీకు ఉన్నట్టే, ముందు మీ పైపుల వాషర్లు చూసుకోండి.

ఒక జాగ్రత్త. మధ్యలో కరెంటు పోతే కొన్ని పంపుల ఆయిల్‌ను సిస్టమే లోపలికి లాగేసుకుంటుంది. ఆగినప్పుడు దానంతటదే మూసుకునే వాల్వు ఉన్న పంపు కాకపోతే, పంపు పక్కన మనిషి ఉండాల్సిందే. టీకి పోవాలంటే వాల్వు మూసి పొండి.

గ్యాస్ నింపడం

కాటా లేకుండా నింపొద్దు. నేమ్‌ప్లేటు బరువుకు, పైపు పొడుగు కంపెనీ లెక్క దాటితే మీటరుకు ఇంత అని వాళ్ళ పుస్తకంలో ఉన్నది కలుపుకోండి. ఆర్-410ఎ, ఆర్-407సి లాంటి మిశ్రమాలు సిలిండర్లోంచి లిక్విడ్‌గానే రావాలి. ఆవిరిగా తీస్తే పాళ్ళు మారిపోతాయి. సిలిండర్ లోపల అడుగు దాకా గొట్టం లేనిదైతే తలకిందులు చేయండి. ముఖ్యంగా ఆర్-407సి లీకైన మిషన్‌లో మిగిలిన గ్యాస్ పాళ్ళు ఎలా ఉన్నాయో చెప్పలేం. దాని మీద టాపప్ కాకుండా మొత్తం కొత్తగా పోయాలి.

వ్యాక్యూమ్‌లో ఉండగానే లిక్విడ్ లైన్ వైపు నుంచి వదిలితే చాలా భాగం వెళ్ళిపోతుంది. మిగిలింది మిషన్ నడుస్తుండగా సక్షన్ వైపు, వాల్వు సన్నగా తెరిచి, ఆగి ఆగి ఇవ్వండి. లిక్విడ్ ఒక్కసారిగా కంప్రెసర్లోకి పోతే లోపలి భాగాలు విరుగుతాయి. కంప్రెసర్ ఆయిల్‌ను వెచ్చగా ఉంచే క్రాంక్‌కేస్ హీటర్ ఉన్న మిషన్‌కు కొన్ని గంటల ముందే కరెంటు ఇచ్చి ఉంచండి. బరువు పూర్తయ్యాక పావుగంట నడవనిచ్చి సూపర్‌హీట్, సబ్‌కూలింగ్ మళ్ళీ చూసుకోండి. పైపు చల్లగా ఉందని చేత్తో పట్టుకుని తేల్చే రోజులు కావు ఇవి.

వచ్చేసే ముందు పిన్నులు బిగించారా, ఇత్తడి మూతలు పెట్టారా చూసి, ఒకసారి డిటెక్టర్ తిప్పండి. యూ-బెండు రాసుకునే చోట రబ్బరు ముక్క పెట్టి కట్టండి. లేకపోతే వచ్చే ఏడు అక్కడే మళ్ళీ తెగుతుంది. సముద్రం పక్క మిషన్ అయితే నెలకోసారి ఔట్‌డోర్ కాయిల్‌ను మంచినీళ్ళతో కడగమని వాచ్‌మన్‌కు చూపించి రండి. బోరు నీళ్ళు ఉప్పగా ఉంటే ఆ నీళ్ళతో వద్దని కూడా చెప్పండి.

తలుపు రేకు లోపల పర్మనెంట్ మార్కర్‌తో తేదీ, గ్యాస్ రకం, పోసిన బరువు, లీకు దొరికిన చోటు రాయండి. పదిహేను రోజుల తర్వాత ఒకసారి వెళ్ళి సబ్‌కూలింగ్ చూసి, ఆ అంకె కూడా దాని కిందే రాయండి. వచ్చే ఏప్రిల్‌లో "అన్నా, గ్యాస్..." అని ఫోను వస్తే, ముందు ఆ తలుపు తీసి ఫొటో పంపమనండి.